చెమ్మ మేస్త్రి ఎడమ దవడ

భూమ్మీద నీళ్లు భయపడే మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆయన మా తాతయ్య. ఆయన వీధి మలుపు తిరుగుతున్నాడని తెలిస్తే చాలు, కారే కుళాయిలు కారడం మానేసి బుద్ధిగా నిలబడతాయి. మబ్బులు ఆయన బాగుచేసిన డాబా మీదికి రాగానే చెప్పులు విడిచి, చప్పుడు చెయ్యకుండా పక్కింటి మీదికి వెళ్లి కురుస్తాయి. సముద్రం కూడా ఆయన్ని చూసి రెండడుగులు వెనక్కి వేసిందని చెప్పేదాన్నే గానీ, ఆ రోజు అమ్మమ్మ కూడా పక్కనే ఉంది. ఆవిడ సాక్ష్యం తేడాగా ఉంటుంది.

ఇళ్లు కట్టే మేస్త్రులు వేరు, తాతయ్య వేరు. ఎవరో కట్టిన ఇంట్లో, ఎవరో వేసిన గొట్టం, ఎక్కడో గోడ లోపల కారుతుంటే, ఆ కారేది ఎక్కడో కనిపెట్టి ఆపడం ఆయన పని. అందుకే ఊరు ఆయన్ని చెమ్మ మేస్త్రి అంటుంది. అసలు పేరు ఓటరు చీటీలో ఉంది, దానితో ఎవరికీ పనిపడలేదు.

గోడ దగ్గరికి వెళ్లగానే ఆయన సంచీ దించడు, మాట్లాడడు. కళ్లు మూసుకుని ఎడమ చెంప గోడకి ఆనిస్తాడు. ఇంటివాళ్లు, ఈయనకేమైనా అయిందా అన్నట్టు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటారు. "చేతులు నలభై ఏళ్లుగా సిమెంటులో నాని మొద్దుబారిపోయాయి. చెంప అబద్ధం చెప్పదు" అంటాడు. చెంపతో జానెడు జానెడు జరుగుతూ, చెమ్మ ఎక్కడ ఆగిందో చూసుకుని, చెవి మీంచి నీలం పెన్సిల్ తీసి మచ్చ చుట్టూ గీత గీస్తాడు. పక్కన తేదీ వేస్తాడు. తడి గోడ మీద కూడా రాసే పెన్సిల్ అది, కడిగినా పోదు. కారేది ఆపాక ఇరవై రోజులకి మళ్లీ వస్తాడు. మచ్చ గీత దాటిందా, లోపల ఇంకా కారుతున్నట్టు. గీత లోపలికి ముడుచుకుందా, ఆరుతున్నట్టు. ఆయన చదువంతా ఆ గీతే.

ఇంకో అలవాటుంది, దానికే ఇంటి ఆడవాళ్లు ఆయన్ని తిట్టేది. మచ్చ ఉన్నంతమేరా గిలాబు, అంటే గోడ పైపూత, కొట్టి ఊడదీసి ఊరుకోడు. మచ్చ దాటి మరో జానెడు, బాగున్న గిలాబు కూడా కొట్టేస్తాడు.

"అయ్యో, అక్కడ గోడ గుండ్రాయిలా ఉంది కదండీ! దాన్నెందుకు పాడుచేస్తారు?"

"నేను నిలబడి పనిచెయ్యడానికి చోటు కావాలమ్మా" అంటాడు. అంతకు మించి చెప్పడు. వాళ్లు వంటింట్లోకి వెళ్లి గట్టిగా గిన్నెలు పెడతారు.

మనిషి పని అలా ఉంటుంది గానీ, తన ఒంటి దగ్గరికి వచ్చేసరికి పద్ధతీ లేదు, పాడూ లేదు. పన్ను నొప్పెడితే పీకించుకోవడమే. కూరగాయల బజారు చివర ఒక డాక్టరున్నాడు, ఊళ్లో పీకుడు డాక్టరంటారు. "పీకెయ్యమంటారా?" అని అడగడు, "ఏది?" అని అడుగుతాడు. కుడివైపు నమిలే పళ్లన్నీ ఆయన దగ్గరే ఒకటొకటిగా వదిలేసి వచ్చాడు తాతయ్య. పీకించుకున్న ప్రతిసారీ, నోట్లో దూదితో, దిగ్విజయంగా ఇంటికి వచ్చేవాడు.

అరవై తొమ్మిదో ఏట ఎడమవైపు మొదలైంది. కింద దవడలో పెద్ద పన్ను. ఈసారి అమ్మమ్మ అడ్డం నిలబడింది.

"ఏవండీ, కుడివైపు మైదానం చేసి కూర్చున్నారు. ఎడమవైపు నమిలేది ఆ ఒక్కటే, పైన దానికో జోడు. అదీ పీకించుకుంటే నేను రోజూ అన్నం రుబ్బి పెట్టను, ముందే చెబుతున్నా."

"పెట్టుడు పళ్లున్నాయి కదా."

"మీ అన్నయ్యని చూశారుగా. ఆయన నవ్వితే పళ్లు ముందొస్తాయి, నవ్వు వెనకొస్తుంది."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. వాళ్లన్నయ్య పళ్లు గ్లాసులో తేలుతూ కనబడ్డప్పటి నుంచీ తాతయ్య ఆయన గదిలో నీళ్లు తాగడం మానేశాడు.

అలా కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. చిన్న పిల్ల, మనిషికన్నా కళ్లజోడు పెద్దది. ఆవిడ ఎక్స్‌రే తీసి చూపించింది. పన్ను వేళ్ల చివర, శనగ గింజంత నల్ల మచ్చ.

"పన్ను లోపల నరం ఎప్పుడో చచ్చిపోయింది తాతగారూ. వేళ్లలోని సన్న గొట్టాల్లో చీము పట్టింది. పీకక్కర్లేదు. గొట్టాలు కడిగి, మందు పెట్టి, మూసేద్దాం. రెండు మూడుసార్లు రావాలి. ఇది పోతే మాత్రం రేపు పెట్టుడు పళ్లకి కొక్కెం తగిలించడానికి కూడా మీ నోట్లో గట్టి పన్ను ఉండదు."

గొట్టాలు, కడగడం, మూయడం. ఇవి తాతయ్యకి తెలిసిన మాటలే. సరే అన్నాడు.

మొదటి రోజు కడిగి, తాత్కాలికంగా మూసి పంపింది. ఆ రోజంతా హాయిగా ఉన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి చెంప వాచింది. అద్దంలో చూసుకున్నాడు, వేలితో నొక్కాడు. తర్వాత ఆయన చేసిన పని ఇంకే మనిషీ చెయ్యడు. చెవి మీంచి నీలం పెన్సిల్ తీసి, అద్దంలో చూసుకుంటూ, వాపు చుట్టూ గీత గీసుకున్నాడు. పక్కన తేదీ వేశాడు. అద్దంలో చూసి రాశాడేమో, అంకె తిరగబడి పడింది.

అమ్మమ్మ వచ్చి చూసి, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"ఇదేంటండీ?"

"రేపు పొద్దున్నకి గీత దాటితే లోపల ఇంకా కారుతున్నట్టు."

"మీరు గోడ కాదు!"

"అన్నిటికీ లెక్క ఒకటే."

పొద్దున్నకి దాటింది. కంటి వైపు వేలెడు పైకి ఎక్కింది. తాతయ్యకి కోపం వచ్చింది. కోపం డాక్టరమ్మ మీద. కారేది ఆపకుండానే మూసేసిన మేస్త్రిని ఆయన జన్మలో క్షమించలేదు. సంచీ లేకుండా, మొహం మీద నీలం గీతతో, బజారు మధ్యలోంచి నడిచాడు. ఎదురింటి పిన్ని చూసి, "బాబాయిగారూ, ఏ గదిలోదండీ ఈ లీకు?" అంది. ఆయన పలకలేదు. పలకడానికి నోరు సగమే తెరుచుకుంటోంది.

డాక్టరమ్మ గీత చూసింది. తేదీ చూసింది. నవ్వాపుకోవడానికి కాసేపు చేతులు కడుక్కుంది. వచ్చి, జ్వరం చూసింది, నోరు తెరవమంది, ఉమ్ము మింగమంది, దవడ కింద మెడంతా తడిమింది.

"గీత దాటిందమ్మా" అన్నాడు తాతయ్య. "మీ పని కుదర్లేదు. పీకెయ్యండి."

"గీత గియ్యడం మంచి పనే తాతగారూ, వెక్కిరించట్లేదు. కానీ గీత ఒక్కదాన్నీ నమ్ముకోకండి. జ్వరమొచ్చినా, మింగలేకపోయినా, వాపు మెడలోకి దిగినా తేదీలు వేసుకుంటూ కూర్చోకుండా పరిగెత్తుకు రావాలి. ఇప్పుడవేమీ లేవు. లోపల కడిగేటప్పుడు కాస్త చెత్త వేరు చివర నుంచి బయటికి జారి ఉంటుంది. దాన్ని చూసి మీ ఒళ్లు ఉలిక్కిపడింది. ఒక్కసారిగా రక్తం, నీరు, కాపలా కణాలు అన్నీ అక్కడికి పరిగెత్తాయి. వాపంటే అదే."

"అంటే, వాచింది రోగం కాదా?"

"వాచింది మీరు."

పన్ను తెరిచి చీము వదిలించి, మళ్లీ కడిగి మూసింది. మూడు రోజుల్లో వాపు తగ్గింది. గీత మాత్రం తగ్గలేదు. సబ్బుకి పోలేదు, నిమ్మకాయకి పోలేదు. వారం రోజులు తాతయ్య దేశపటంలా తిరిగాడు. తర్వాత డాక్టరమ్మ గొట్టాల్లో రబ్బరు లాంటి పదార్థం దట్టించి, పన్ను మీద తొడుగు వేసి, ఆరు నెలల తర్వాత రమ్మంది. నమలచ్చు అని కూడా చెప్పింది.

తాతయ్య నమల్లేదు. నొప్పి లేదు గానీ నమ్మకమూ లేదు. అన్నం మెత్తగా పిసికి, నాలుకతో అటూ ఇటూ తిప్పి మింగేవాడు. తొందరలో మరిచిపోయి ఎడమవైపు కొరికితే, ఏదో తలుపు వెనక ఎవరో నిలబడ్డట్టు, లోపల మొద్దుగా తెలిసేది. ఇంకోళ్ల పని ఆయనకి ఎన్నడూ నచ్చలేదు. ఆయన దగ్గర పన్నెండుమంది పని నేర్చుకోవడానికి వచ్చి, పన్నెండుమందీ పారిపోయారు. వాళ్లు పూసింది రాత్రికి రాత్రి కొట్టేసి పొద్దున్నే మళ్లీ పూసే మనిషితో ఎవరుంటారు?

ఆరు నెలలకి వెళ్లాడు. డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే తీసి పాతదాని పక్కన తెర మీద పెట్టింది. తాతయ్య ముక్కు తెరకి తగిలేంత దగ్గరగా వెళ్లాడు.

మచ్చ అలాగే ఉంది. నిజం చెప్పాలంటే, కాస్త పెరిగినట్టు కూడా ఉంది.

"కెమెరా కోణం కొంచెం మారింది తాతగారూ, అందుకే అలా..."

"నా దగ్గర కోణాలు చెప్పకండి. ఆరు నెలలు ఆరబెట్టాం. ఏ గోడైనా ఆరు నెలల్లో ఆరుతుంది. ఆరలేదంటే కారుతోంది. పురుగు లోపలే ఉండి ఎముక తింటోంది. పీకెయ్యండి, పీడా పోతుంది."

డాక్టరమ్మ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"పురుగులేదీ లేదు. ఆ ఎముకని క్రిములు తినలేదు."

"మరెవరు తిన్నారు?"

"మీరే."

తాతయ్య వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరితోనైనా అంటోందేమోనని.

"నా ఎముకని నేను తిన్నానా?"

"తిన్నారు. చచ్చిన పన్ను లోపలికి రక్తం వెళ్లదు. కాబట్టి మీ కాపలావాళ్లు గొట్టంలోకి దూరి క్రిముల్ని తన్నలేరు. వేరు చివర సూదిమొనంత కన్నం ఉంటుంది. దాని బయట కాసుకుని, వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టుకోవాలి. అక్కడ చూస్తే చుట్టూ గట్టి ఎముక. అందుకని మీ ఒళ్లే, ఎముకని కరిగించే కణాల్ని పిలిచి, కొంతమేర ఖాళీ చేయించింది. ఆ ఖాళీలో కాపలా పెట్టింది. ఎక్స్‌రేలో నల్లగా కనబడేది ఆ ఖాళీ."

"గొట్టం మూసేశారు కదా. ఇంకా ఎందుకుంది మరి?"

"మనం మూసిన సంగతి వాళ్లకి వెంటనే తెలియదు. బయట మిగిలిన చెత్త ఏరుకుంటూ అక్కడే ఉంటారు. ఇంక రావట్లేదని తేలాక ఒక్కొక్కళ్లే తప్పుకుంటారు. వాళ్లు తప్పుకుంటేనే ఎముక కట్టేవాళ్లకి చోటు. ఏడాది పడుతుంది. కొందరికి నాలుగేళ్లు కూడా పట్టచ్చు."

"మానుతుందని రాసిస్తారా?"

"రాసివ్వను. ఎక్కువమందికి మానుతుంది. మానకపోతే మళ్లీ తెరిచి కడుగుతాను. అదీ కాకపోతే వేరు కొన కోసి శుభ్రం చేస్తాం. పీకడం అన్నిటికన్నా ఆఖరు. తొందరపడి పీకాక, ఇది మానేదేమో అనుకుంటే లాభం లేదు."

తాతయ్య లేచాడు. గోడ మీద తేదీ వేసి పూచీ పడే మనిషి ఆయన. రాసివ్వను అనే మేస్త్రి చేతిలో తన దవడ పెట్టడం ఆయన వల్ల కాలేదు. "ఆలోచిస్తాను" అని బయటికి వచ్చాడు. ఆయన ఆలోచిస్తాను అన్నాడంటే ఆలోచించడం అయిపోయిందని అర్థం.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి పీకుడు డాక్టరు దగ్గర బెంచీ మీద ఉన్నాడు. అమ్మమ్మకి కూరగాయలకని చెప్పాడు. సాక్ష్యానికి చేతిలో సంచీ కూడా ఉంది.

ముందు నలుగురున్నారు. కుర్చీలున్న లోపలి గదిలోంచి అప్పుడప్పుడూ "అబ్బా" అని ఒకటి వచ్చేది, తర్వాత పళ్లెంలో ఠంగుమని ఒకటి పడేది. బెంచీ మీద కూర్చున్నవాళ్లు ఆ ఠంగుకి ఒక్కసారి సర్దుకుని, ఒకడుగు ముందుకి జరిగేవాళ్లు. తాతయ్యకి చదవడానికి కాగితం లేకపోతే గోడ చదువుతాడు. ఎదురుగోడ మీద, కిటికీ కింద, ఎవరో చెమ్మ బాగుచేసిన చోటు ఉంది. కొత్త రంగు వేసి ఏడాది కూడా అయ్యుండదు. మచ్చ ఉన్నంతవరకే, గీత గీసినట్టు, గుండ్రంగా కొట్టి పూశాడు ఆ మేస్త్రి. ఒక్క అంగుళం అటు వెళ్లలేదు. ఇంటాయన ముచ్చటపడి ఉంటాడు, గోడ పాడవ్వలేదని. ఇప్పుడు ఆ కొత్త పూత చుట్టూ, దండలాగా, రంగు ఉబ్బి పెచ్చులు లేచి ఉంది. పూత బాగానే ఉంది, చుట్టూ కుళ్లింది.

"వెధవ" అనుకున్నాడు తాతయ్య. "జానెడు దాటి కొట్టాలని తెలియదు. బాగున్నదాన్ని కొట్టడానికి చెయ్యి రాలేదు వీడికి. చోటు లేకుండా ఎలా..."

అక్కడ ఆగాడు.

 ముందున్న మనిషి లోపలికి వెళ్లాడు, ఠంగుమంది, బయటికి వచ్చాడు. తాతయ్య నాలుక మెల్లిగా వెళ్లి ఎడమవైపు తొడుగుని ముట్టుకుంది. ఆ వేరు చివర, ఎవరూ చెప్పకుండా, ఎవరూ కూలి ఇవ్వకుండా, తను నిద్రపోతున్నప్పుడూ గోడలెక్కుతున్నప్పుడూ, ఎవరో బాగున్న ఎముకని జానెడు దాటి కొట్టారు. నిలబడి పనిచెయ్యడానికి చోటు కావాలని. తను ఇన్నేళ్లూ ఇల్లాళ్లతో తిట్లు తిన్న పనే. నిన్న వాళ్లని పట్టుకుని పురుగులన్నాడు. అంతటితో ఆగక, పని సగంలో ఉండగా, ఇల్లే పడగొట్టించేస్తానని లేచాడు. తనతో ఏ ఇల్లాలూ అంతమాట అనలేదు.

అయినా ఒక అనుమానం వదల్లేదు. కొట్టి వదిలేసి పోయిన మేస్త్రుల్ని కూడా చూశాడాయన. వీళ్లు కడతారని ఏమిటి నమ్మకం? డాక్టరమ్మ రాసివ్వనంది. ఆ మాటే ఇంతకుముందు కోపం తెప్పించింది. ఇప్పుడు అదే మాట వేరేగా వినబడింది. గోడ లోపలికి చూడలేనివాడు నిజాయితీగా చెప్పగలిగింది అంతే.

లోపల్నుంచి నర్సు తల బయటికి పెట్టింది. "మీరేనా తర్వాత? ఏది పీకాలి?"

తాతయ్య లేచి ఎదురుగోడ చూపించాడు.

"అదమ్మా. అది మొత్తం పీకి, జానెడు దాటి కొట్టి, మళ్లీ పుయ్యాలి. డాక్టరుగారికి చెప్పండి, నేను ఎల్లుండి వస్తాను."

బయటికి వచ్చి నిజంగానే కూరగాయలు కొన్నాడు. ఎల్లుండి నిజంగానే వెళ్లి ఆ గోడ బాగుచేశాడు కూడా. అది వేరే సంగతి.

కూరగాయల సంచీతోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆవిడ ఇంకో రోగి నోట్లో చెయ్యి పెట్టి ఉంది.

"ఆ మచ్చ బొమ్మ కాగితం మీద తీసివ్వండి" అన్నాడు గుమ్మంలోంచే.

"పీకద్దా తాతగారూ?"

"పనిలో ఉన్నారన్నారు కదా. చూద్దాం."

కాగితం చేతికొచ్చాక, దాని మీద, కిందిది కనబడే పల్చటి నూనె కాగితం పరిచి, పంటి అంచులూ వేళ్లూ దించి, నల్ల మచ్చ చుట్టూ నీలం పెన్సిల్‌తో గీత గీశాడు.   తేదీ వేశాడు.

"ఈసారి కోణం మారకూడదు. గీత మీద గీత పడాలి. లేకపోతే మళ్లీ మీరు ఒకటంటారు, నేను ఒకటంటాను."

డాక్టరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "మీరన్నది నిజమే. అది నా పొరపాటు" అంది. మెత్తటి మైనం లాంటిది ఆయన చేత కొరికించి పళ్ల అచ్చు తీసింది. దాన్ని ఎక్స్‌రే తీసే పుల్లకి అతికించి, ఈసారి తీసినప్పుడు ఇదే కొరకాలి, అప్పుడు కెమెరా అక్కడే నిలబడుతుందని చూపించింది. ఆ అచ్చుని డబ్బాలో పెట్టి, డబ్బా మీద చెమ్మ మేస్త్రి అని రాసింది. తన పొరపాటు ఒప్పుకున్న మేస్త్రిని తాతయ్య అంతకుముందు చూడలేదు. ఆవిడకి రెండు వంకాయలు ఇచ్చి వచ్చాడు.

ఇంక మిగిలింది ఆగడం. గోడ దగ్గర ఆయనకి ఆగడం తేలిక. ఆగుతున్నంతసేపూ ఇంకో గోడ పని ఉంటుంది. దవడ దగ్గర మాత్రం చేతికి పనిలేదు. చూడ్డానికి లేదు, కొట్టడానికి లేదు, తిట్టడానికి కూడా ఎవరూ లేరు. నూనె కాగితాన్ని సంచీలో తాపీల మధ్య పెట్టుకుని తిరిగాడు. అన్నం తిన్నాక అప్పుడప్పుడూ ఎడమ చెంప మీద అరచెయ్యి పెట్టుకుని, ఏదో వింటున్నట్టు కూర్చునేవాడు.

"నొప్పా?" అనేది అమ్మమ్మ.

"కాదు."

"మరి?"

"ఏం లేదు. ఎంతమందుంటారో అని."

"లెక్క తెలిస్తే చెప్పండి, వాళ్లకీ కలిపి అన్నం వండుతాను."

ఆ రోజుల్లోనే ఒక ఇంట్లో, తనకన్నా ముందు ఎవరో చేసిన పని మీద చెంప ఆనించాడు. కాస్త చల్లగా ఉంది గానీ చెమ్మ లేదు. ఇంటాయన, "ఎందుకైనా మంచిది, కొట్టేసి మళ్లీ పుయ్యండి" అన్నాడు. మామూలుగా అయితే ఆ మాట నోట్లో ఉండగానే సుత్తి గోడ మీద ఉండేది. తాతయ్య మళ్లీ ఒకసారి చెంప ఆనించి, "వద్దు. ఎవడో బాగానే చేశాడు. ఆరుతోంది, ఆరనివ్వండి" అన్నాడు. ఇంటికి వచ్చి ఈ సంగతి చెబితే, అమ్మమ్మ ఆయన నుదుటి మీద చెయ్యి వేసి జ్వరం చూసింది.

గీత గీసిన ఎనిమిదో నెలలో ఒక వారం ఆ పంటి కింద సలిపింది. తాతయ్య బజారు చివరి దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు. డాక్టరమ్మ చూసి, తొడుగు కాస్త ఎత్తుగా ఉండి పైపన్నుకి తగులుతోందని దాన్ని రవ్వంత అరగదీసింది. సలపడం ఆగింది. ఆ వారం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడుకోలేదు.

గీత గీసి ఏడాది తిరిగింది. డాక్టరమ్మ డబ్బాలోంచి అచ్చు తీసింది. తాతయ్య కొరికాడు. యంత్రం కుయ్యిమంది. బొమ్మ కాగితం మీద వచ్చేదాకా కూర్చోలేక నిలబడ్డాడు. సంచీలోంచి నూనె కాగితం తీశాడు. దాని మూలల్లో సిమెంటు అంటింది. కొత్త బొమ్మ మీద పెట్టి, పన్ను మీద పన్ను, వేరు మీద వేరు కలిపాడు. కలిశాయి.

నీలం గీత లోపల, చుట్టూ, తెల్లటి అంచు వచ్చి ఉంది. శనగ గింజ మిరియపు గింజ అయింది. మిరియం లోపల కూడా, సాలీడు మొదలెట్టిన గూడులా, సన్నటి తెల్లటి పోగులు అడ్డంగా పడి ఉన్నాయి.

"ఇదేంటి?" అన్నాడు, పోగుల మీద గోరు పెట్టి.

"ఎముక. కడుతున్నారు."

 తాతయ్య ముక్కు ఎగబీల్చాడు. తర్వాత, "ఇంకా కొంత ఉంది" అన్నాడు, ఎవరి మీదో నేరం చెబుతున్నట్టు.

"ఉంది. పూర్తిగా పూడచ్చు, లేదా చిన్న మచ్చలా మిగిలిపోవచ్చు. వచ్చే ఏడు మళ్లీ చూద్దాం. పన్ను మాత్రం మీదే తాతగారూ, నమలండి."

తాతయ్య పెన్సిల్ తీసి, పాత గీత లోపల, కొత్త మచ్చ చుట్టూ ఇంకో గీత గీశాడు. తేదీ వేశాడు. 

ఆ సాయంత్రం అమ్మమ్మ పల్లీలు వేయించి గిన్నెలో పోసి ఆయన ముందు పెట్టింది. ఏడాదిన్నర తర్వాత ఆ ఇంట్లో చప్పుడయ్యే వస్తువు వేయించడం అదే. ఆయన ఒక గింజ తీసి, ఊది, అటూ ఇటూ చూసి, ఎడమవైపు పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు గానీ కొరకలేదు. దవడ అలాగే ఆగింది. అమ్మమ్మ గరిటె పట్టుకుని నిలబడింది. ఇదంతా రాయడానికి కాగితం పట్టుకుని ఎదురుగా కూర్చున్నది నేనే. తొమ్మిదో తరగతితో చదువుకి దణ్ణం పెట్టిన దాన్నైనా, ఇలాంటి సమయంలో ఒక మంచి ప్రశ్న అడగాలని నాకూ తెలుసు.

"తాతయ్యా, లోపలున్న వాళ్లకి ఏమైనా చెప్పదల్చుకున్నావా? రాసుకుంటాను."

కటుక్కుమంది. ఆయన నమిలాడు, మింగాడు, ఇంకో గింజ తీసుకున్నాడు.

"పనిలో ఉన్నవాళ్లని మాటల్లో పెట్టకూడదే. నువ్వు నోరు మూసుకో, నన్ను నమలనీ."